నా మొదటి సాక్ష్యం

నల్గొండ గడియారం సెంటర్ నుంచి నేను పనిచేసే దవాఖానకు పోయే దారిలో ఒక బత్తాయి రసం బండి ఉంది. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు, ఆ బండి పక్కన గోనెసంచిలో కుక్కిన తొక్కల వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, గ్లాసు అడగకుండానే కాసేపు అక్కడ నిలబడిపోతాను. బండాయనకు ఇది అలవాటైపోయింది. "తాగేది లేదు గాని ఉత్త వాసనకే వస్తవు గద సిస్టరమ్మా" అని నవ్వుతాడు. పచ్చి తొక్కలోని ఆ ఘాటూ, గోళ్ల సందుల్లో మిగిలిపోయే ఆ చేదూ నాకు తిండి వాసన కాదు, ఆట వాసన. మా ఊరి పిల్లలం మొట్టమొదట తన్నిన ఫుట్‌బాల్ బత్తాయి కాయే.

మాది నల్గొండకు పడమటి దిక్కున, ఎర్రనేలల నడుమ ఒక చిన్న ఊరు. చుట్టూ బండరాళ్ల గుట్టలు, గుట్టల మధ్య బోర్ల కింద బత్తాయి తోటలు, తోటల మధ్య నాయిన. ఆయన కాయ కోసే ముఠాతో పోయేవాడు. వానకాలం వెళ్లిపోతూ పోతూ ఒక గాలిదుమారం లేపిందంటే మరునాడు పొద్దుటికి చెట్ల కింద రాలిన కాయ పరుచుకొని ఉండేది. దెబ్బతిన్న కాయను కొనేవాడుండడు, మేకలు కూడా ఓసారి కొరికి మొహం తిప్పుకుంటాయి, కనుక అదంతా పిల్లల సొత్తు. సంచుల్లో ఎత్తుకొని ఊరి చివర కల్లంలోకి తెచ్చి, రెండు జతల చెప్పులు గోలు కింద పెట్టి, పొద్దుమూకేదాకా తన్నేవాళ్లం. ఒక్కో కాయ పది తన్నులకు మెత్తబడి, ఇరవయ్యో తన్నుకు పగిలి, రసమంతా పిక్కల మీద చిమ్మేది. ఆ తీపికి చీమలు వెంటబడి వచ్చేవి. "కాళ్లకు చీమలు పట్టినంక గాని ఇల్లు యాదికి రాదా నీకు?" అని అమ్మ గడపలోనే ఆపి రెండు చెంబుల నీళ్లు గుమ్మరించేది.

నాయిన పని నుంచి వచ్చి, మొహం కడుక్కొని, లుంగీ ఎగ్గట్టి, ఆ రెండు జతల చెప్పుల నడుమ నిలబడేవాడు. చిన్నప్పుడు ఆయన నల్గొండలో క్రైస్తవ పిల్లల హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. అక్కడి వార్డెను సారు కేరళ మనిషి. పొద్దున ప్రార్థన, సాయంత్రం ఫుట్‌బాల్, ఈ రెండింటిలో ఏది తప్పినా ఆయన దగ్గర అన్నం లేదట. నాయినకు ఉరకడం చేతకాదు గాని పొడుగు మనిషి, అందుకని గోల్‌కీపర్‌ను చేశారు. పదో తరగతి తప్పి ఊరికి వచ్చేటప్పుడు ఆయన వెంట తెచ్చుకున్నవి రెండే, ఒకటి పాటల పుస్తకం, రెండోది ఆ ఆట పిచ్చి. ఊళ్లో అందరూ క్రికెట్టే లోకమని తిరుగుతుంటే, బత్తాయి కాయను రెండు చేతుల్లో భద్రంగా పట్టుకొని నేల మీద దొర్లే మా నాయినను చూసి పెద్దవాళ్లు నవ్వేవాళ్లు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వేవాడు.

పాటల పుస్తకం సంగతి వేరు. మా రేకుల చర్చిలో పాట ఎత్తేది నాయినే, డోలకు వాయించేది నాయినే. డిసెంబరు వచ్చిందంటే వెదురు బద్దలు చీరి, రంగు కాగితాలు అంటించి, లోపల బల్బు పెట్టి ఇంటింటికీ నక్షత్రం కట్టడం మొదలయ్యేది. అమ్మ, ఇరుగు పొరుగు ఆడవాళ్లు కలిసి అరిసెల పిండి దంచేవాళ్లు, సకినాలు చుట్టేవాళ్లు. ఆ సకినాలు ఆరబెట్టిన తెల్లబట్ట మీద కోడి నడవకుండా చూడడం నా ఉద్యోగం. పండుగనాడు బగారన్నం, మటన్ కూర గిన్నెలు మా వాడ నుంచి ఊరంతా తిరిగేవి. దసరాకు ఊరి నుంచి మా ఇంటికొచ్చిన, రొట్టె బెల్లం కలిపి దంచిన మలీద ముద్దలకు అది బదులు. ఇవన్నీ ఎంత బాగున్నా, నాకు మాత్రం ఆ రోజుల్లో అన్నిటికన్నా పెద్ద పండుగ టీవీలో ఫుట్‌బాల్.

ఆ ఏడే తెలంగాణ వచ్చింది, ఆ ఏడే మా ఇంటికి టీవీ వచ్చింది, రెండూ వచ్చినా కరెంటు ఒక్కటే రాలేదని నాయిన ఎగతాళి చేసేవాడు. నాకప్పుడు పదేళ్లు. వానలు వెనకబట్టాక మన దేశంలోనే కొత్తగా ఫుట్‌బాల్ పోటీలు మొదలయ్యాయి, రోజూ సాయంత్రం ఏడింటికి ఆట. పసుపు అంగీల జట్టును నాయిన తన జట్టన్నాడు, ఎందుకంటే అది వార్డెను సారు దిక్కు జట్టు. అందులో ఏవేవో దేశాల ఆటగాళ్లు ఉండేవాళ్లు, వాళ్ల పేర్లు మాకు నోరు తిరిగేవి కావు. దానికి నాయినే బైబిలు పేర్లతో ఒక ఉపాయం కనిపెట్టాడు. జుట్టు ముడేసుకున్నవాడు సమ్సోను. అందరికన్నా పొట్టిగా ఉండి సందుల్లోంచి దూరిపోయేవాడు జక్కయ్య. వెనక నిలబడి అందర్నీ నెట్టేసేవాడు గొల్యాతు. పరలోకపు గేటు కాసేది పేతురు కనుక గోల్‌కీపరు పేతురు. ఎవరెంత మొత్తుకున్నా నాకేమీ తెలియదన్నట్టు చేతులు దులుపుకొనే రిఫరీ, పిలాతు. సీతాఫలాలు ఒలుచుకుంటూ, గింజలు ఉమ్ముకుంటూ, ఆట ఏమీ తెలియని అమ్మ కూడా "అయ్యో, జక్కయ్యను కింద పడేసిండ్రు గదనే" అని బాధపడేది. సినిమాలకు పోని ఇల్లు, తీర్థాలకూ తిరునాళ్లకూ పోని ఇల్లు మాది. మా ముగ్గురికి కలిసి నవ్వుకోవడానికి దొరికింది అదొక్కటే.

ఆట మొదలయ్యే ముందు నాయిన చిన్న ప్రార్థన చేసేవాడు. కరెంటు పోకుండా చూడు, ఆడే పిల్లలకు దెబ్బలు తాకకుండా చూడు, అంతే. మా జట్టును గెలిపించమని ఎందుకు అడగవని ఒకసారి అడిగాను.

"ఆ దిక్కు గోల్‌కీపరు గూడ మొక్కుతుండు గద బిడ్డా. పైనున్నాయన ఎవరి మాట వినాలె? గెలుసుడు ఓడుడు మన పని, దేవునికి చెప్పొద్దు."

ఇప్పటికీ విశ్వాసం గురించి నేను విన్న మాటల్లో ఇంత తేటైన మాట ఇంకొకటి లేదు. పదేళ్లప్పుడు మాత్రం ఇది నాకు ఉత్త చాతగానితనంగా కనిపించింది. అడిగితే ఇచ్చే దేవుణ్ణి ఉంచుకొని అడగకపోవడం ఏమిటని.

ఇక్కడ సువార్తవ్వ గురించి చెప్పాలి. ఆమె మాకు చుట్టం కాదు, నాయినకు మాత్రం తల్లి కన్నా ఎక్కువ. ఒకప్పుడు చర్చి తరఫున ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి. నాయిన చిన్నతనంలోనే తల్లి పోతే, తన గిన్నెలోంచే అన్నం పెట్టి, పక్కన కూర్చోబెట్టుకొని పాటలు నేర్పింది ఆమే. మా దిక్కు బోరు నీళ్లలోని ఫ్లోరైడు సంగతి తెలిసిందే గదా. ఆ నీళ్లు తాగి తాగి ఆమె ఎముకలు బిగుసుకుపోయాయి, నడుము విల్లులా వంగింది, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. ఆమె చర్చికి రాలేకపోయేది కనుక చర్చే ఆమె దగ్గరికి పోయేది. ప్రతి ఆదివారం దీపాలు పెట్టే వేళకు ఆమె మంచం చుట్టూ గృహ ప్రార్థన, నాయిన పాట. ఒక్క పాటే, ఆమె నేర్పిందే. అది విన్నాకనే ఆమె అన్నం తినేది.

డిసెంబరులో ఒక ఆదివారం, పసుపు అంగీల జట్టుకు సెమీ ఫైనల్ పడింది. అంతకు ముందు ఆదివారాలు నాయిన ప్రార్థన ముగించుకొని ఉరుక్కుంటూ వచ్చి సగం ఆట చూసేవాడు. ఆరోజు మాత్రం మధ్యాహ్నం నుంచీ మనిషి కుదురుగా లేడు. ఆట కోసం రాలేనని చెప్పగలిగే మనిషి కాదు, ఆట చూడకుండా ఉండగలిగే మనిషీ కాదు. చివరికి నన్ను పిలిచి, మొహం అటు తిప్పుకొని చెప్పాడు.

"చిన్నీ, ఉరికిపోయి అవ్వకు చెప్పిరా. నాయినకు జరమొచ్చిందను. ప్రార్థన పాస్టరయ్య చేసిపోతడు."

"గా పోరితోని అబద్ధం పంపుతవా?" అంది అమ్మ.

"గీ ఒక్కపూటనే" అన్నాడు నాయిన.

నేను ఒక్క ఉరుకున పోయి చెప్పాను. సువార్తవ్వ మంచం మీద గోడకు ఆనుకొని, తల దువ్వించుకొని, తెల్లచీర కట్టించుకొని ఎదురుచూస్తోంది. జ్వరం మాట వినగానే "నా కొడుకుకు జరమా" అని కోడల్ని కేకేసి మిరియాలు, శొంఠి వేసి కషాయం కాచమంది. అది కాగేదాకా, వంకరపోయిన వేళ్లు నా నెత్తి మీద పెట్టి, నాయిన జ్వరం దిగిపోవాలని ప్రార్థన చేసింది. ఎంతసేపో చేసింది. నేను ఒక కన్ను తెరిచి వాకిలి దిక్కే చూస్తున్నాను, మా ఇంట్లో ఆట మొదలైపోయి ఉంటుందని. పోయేటప్పుడు అంది, "మంచిగైనంక రమ్మను. వారం నడుమ దినమైనా సరే, ఒక్క పాట పాడిపోతడు." ఉడుకుడుకు గ్లాసును కొంగుముక్కతో చుట్టి నా చేతిలో పెట్టారు. నేను దాన్ని ఒలకకుండా తెచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకుంటూ ఇల్లు చేరాను.

నాయిన ఆ గ్లాసు అందుకొని మంచం అంచున పెట్టాడు. "తాగు, ప్రార్థన చేసి పంపింది" అంది అమ్మ. ఆయన ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు మంచం కిందికి నెట్టేశాడు.

ఆట చివరిదాకా తేలలేదు, పెనాల్టీలకు పోయింది. నాయిన లేచి నిలబడి రెండు చేతులూ చాచి గోల్‌కీపర్ నిలబడ్డట్టే నిలబడ్డాడు, టీవీకీ మాకూ అడ్డంగా. నేను ఆయన వెనక చేరి, కళ్లు గట్టిగా మూసుకొని, ఆయన వద్దన్న ప్రార్థనే చేశాను. దేవా, నాయిన జట్టు గెలవాలె. కళ్లు తెరిచేసరికి పేతురు కుడిదిక్కుకు పడి బంతిని ఆపేశాడు. నాయిన నన్ను ఎత్తుకొని ఎగిరిన ఎగురుడుకు నా తల దూలానికి తగిలింది. అమ్మ నవ్వీ నవ్వీ గోడకు ఆనుకొని కూలబడింది. అంత సంతోషం మా ఇంట్లో అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు.

మరునాడు తెల్లవారకముందే ముఠా దేవరకొండ దిక్కు తోటలకు పోయింది. రెండు రోజులు అక్కడే పని. నాయిన తిరిగొచ్చేసరికి సువార్తవ్వ ఇంటి ముందు టెంటు వేసి ఉంది. ఆ పొద్దున్నే, నిద్రలోనే పోయింది. సమాధి దగ్గర నాయిన ఆమె పాట ఎత్తాడు గాని రెండో చరణం దాటలేకపోయాడు. "పాపం, జరంతోని లేసి గూడ వచ్చిండు" అని వెనక ఎవరో అన్నారు. నాయిన తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయి నిలబడ్డాడు. నాకు అదేమీ అర్థం కాలేదు, ఏడుస్తున్నాడనుకున్నాను.

ఆ వచ్చే ఆదివారం చర్చిలో పిల్లల ఆరాధన. పండుగకు ముందు ఏటా జరిగేదే. వాక్యం కన్నా ముందు పిల్లలు ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పాలి, అంటే దేవుడు తమకు చేసిన మేలు పదిమంది ముందూ నోరు తెరిచి చెప్పాలి. నాకు ఏ ఏడూ చెప్పుకోదగిన సాక్ష్యం ఉండేది కాదు. ఒకడికి పోయిన కంపాస్ డబ్బా దొరికేది, ఒకదానికి తప్పిపోయిన కోడి తిరిగొచ్చేది, నాకు మాత్రం ఏదీ పోయేదీ కాదు, వచ్చేదీ కాదు. ఈసారి నా దగ్గర అందరికన్నా పెద్దది ఉంది. నోట్లో నువ్వుగింజ నానదని పేరు పడ్డదాన్ని, వారం రోజులు కడుపులో దాచుకున్నాను. నాయినకు చెప్పకుండా ఒకేసారి అందరిలో చెప్పి ఆయనను సంతోషపెట్టాలని.

లేచి నిలబడి, చేతులు కట్టుకొని, గట్టిగా చెప్పాను.

"అందరికీ వందనాలు. పోయిన ఆదివారం పొద్దుమూకినంక నాయిన, అమ్మ, నేను మా ఇంట్ల ఫుట్‌బాల్ చూసినం. నాయిన జట్టు ఓడిపోయేటట్టుండె. నేను కండ్లు మూసుకొని ప్రార్థన చేసిన. దేవుడు గెలిపిచ్చిండు. నాయిన నన్ను ఎత్తుకొని ఎగిరిండు. దేవునికి స్తోత్రం."

అలవాటు కొద్దీ సగంమంది "స్తోత్రం" అన్నారు. మిగతా సగం అనలేదు. ఆడవాళ్ల వరుసలోంచి సువార్తవ్వ కోడలు గొంతు వినిపించింది, కోపం కూడా లేదు అందులో. "పోయిన ఆదివారం జరం అంటిరి గద. కషాయం నేనే కాచిన గద."

నాయిన డోలకు ఒళ్లోంచి దించి పక్కన పెట్టాడు. లేచి నిలబడ్డాడు.

"జరం రాలే. అబద్ధం చెప్పి పంపిన" అన్నాడు. డోలకు ముట్టకుండానే కూర్చున్నాడు.

ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. ఇదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నలుగురు నాలుగు తిట్లు తిట్టి ఉంటే, ఓ నెల పాట ఎత్తొద్దని తీర్పు చెప్పి ఉంటే, ఆ నెల గడిచేది, అయిపోయేది. పాస్టరయ్య "మనలో తప్పు చెయ్యనోళ్లు ఎవరున్నరు" అని అందరి కోసం ప్రార్థన చేశాడు. సువార్తవ్వ కోడలు వెళ్లేటప్పుడు నాయినకు వందనాలు కూడా చెప్పింది. ఇంటికి వచ్చే దారిలో అమ్మ మొహం చూశాకనే నేను చేసిందేమిటో కొంచెం కొంచెంగా తెలిసొచ్చి, వాకిట్లో కూర్చొని ఏడ్చాను. నాయిన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నువ్వేం తప్పు చెయ్యలే బిడ్డా. సాక్ష్యమంటే నిజమే చెప్పాలె."

కొట్టి ఉంటే బాగుండేది.

అంతే, ఆరోజుతో ఆయన గోలులో నిలబడడం ఆగిపోయింది. నేను బత్తాయి కాయ తెచ్చి చేతికిచ్చినా కింద పెట్టి లోపలికి పోయేవాడు. టీవీని ఏమీ చేయలేదు, మేం చూస్తుంటే వద్దనలేదు. ఫైనల్ నాడు అమ్మ తనకు తానే టీవీ పెట్టి పిలిచింది, ఆయన కొడవలి సానబెట్టుకుంటూ వాకిట్లోనే ఉండిపోయాడు. అమ్మా నేనూ కాసేపు చూశాం. నాయిన చెప్పకపోతే జక్కయ్య ఎవరో కూడా అమ్మకు పోల్చుకోవడం రాలేదు, కట్టేసింది.

పదకొండేళ్లు దాటిపోయింది. ఇప్పుడు నాయిన మోకాళ్లు కూడా సువార్తవ్వ మోకాళ్ల దారే పట్టాయి. నల్లా నీళ్లు ఊరికి వచ్చేసరికే పాత నీళ్లు తమ పని తాము చేసి పోయాయి. నేను నర్సునై ఉండీ, నొప్పులకు మాత్రలు తెచ్చివ్వడం తప్ప చేయగలిగింది లేదు. ఆ కాళ్లతోనే ప్రతి ఆదివారం సాయంత్రం కర్ర పట్టుకొని, మంచాన పడ్డవాళ్లు ఊళ్లో ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటికల్లా పోయి పాట పాడి వస్తాడు. వానైనా, చలైనా, తనకు నిజంగానే జ్వరం వచ్చినా ఒక్క ఆదివారం తప్పలేదు. "మీ నాయినంత భక్తి ఎవరికుంది" అని ఊళ్లో నన్ను మెచ్చుకుంటారు. నేను తల ఊపుతాను. అది భక్తి కాదని నాకు తెలుసు.

నేను ఇప్పటికీ ఫుట్‌బాల్ చూస్తాను, హాస్టల్ గదిలో, ఫోనులో, చెవుల్లో వైర్లు పెట్టుకొని, ఒక్కదాన్నే. ఆటగాళ్ల పేర్లన్నీ ఇప్పుడు నాకు సరిగ్గానే పలుకుతాయి. మా ఊళ్లోనూ అంతే, ఒకే గదిలో ఎవరి ఫోను వాళ్లది. మేం ఆడిన కల్లంలో ప్లాట్ల రాళ్లు పాతారు. బోర్లు ఎండి బత్తాయి తోటలు సగం కొట్టేశారు, ముఠా కూడా చెదిరిపోయింది. రేకుల చర్చి స్లాబు చర్చి అయింది, లోపల పాట రాతలు చూపించే పెద్ద తెర పెట్టారు. పోయిన క్రిస్మస్‌కు ముందు చర్చి కుర్రవాళ్లు ఫుట్‌బాల్ పోటీ పెట్టాలనుకొని, అందరికీ ఒకే రంగు అంగీలు కుట్టించుకొని, నేర్పేవాళ్లు లేక మా ఇంటికి వచ్చారు. వాళ్ల వెంట పాస్టరయ్య కూడా వచ్చాడు. ఆయనా ముసలివాడయ్యాడు. నేను సెలవు మీద ఇంట్లోనే ఉన్నాను.

"ఉరకకు, దుంకకు. కుర్చీల కూసొని చెప్పు, చాలు" అన్నాడు పాస్టరయ్య. నాయిన నవ్వి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. కుర్రవాళ్లు బతిమాలారు. నేనూ బతిమాలాను. చాలాసేపటికి పాస్టరయ్య కుర్చీ దగ్గరికి జరుపుకొని, గొంతు తగ్గించి, "ఇంకెన్నేండ్లు మోస్తవన్నా దాన్ని? దేవుడు ఎన్నడో క్షమించిండు గద" అన్నాడు.

"దేవుడు క్షమించిండయ్యా, నాకెరికే" అన్నాడు నాయిన. "అవ్వను అడగలే నేను."

పాస్టరయ్యా కుర్రవాళ్లూ వందనాలు చెప్పి వెళ్లిపోయారు. అడిగి ఉంటే సువార్తవ్వ బోసినోటితో నవ్వి, నెత్తి మీద ఒక్కటి మొట్టి, పాట పాడమనేది. ఆ సంగతి నాకు తెలుసు, అమ్మకు తెలుసు, మా ఇద్దరికన్నా బాగా నాయినకు తెలుసు. తెలిసీ, ఆరోజు ఆదివారం కావడంతో ఆయన కర్ర అందుకొని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగి, మంచాన పడ్డవాళ్ల ఇళ్ల దిక్కు పోయాడు.